పెళ్ళి ఒకటి, భోజనాలు మూడు

మన తెలుగు నవలల్లో పెళ్ళి ఆఖరి పేజీలో వస్తుంది. అంతవరకూ నాయికా నాయకులు అపార్థాలు చేసుకుంటారు, అలుగుతారు, జ్వరాలు పడతారు, కార్లెక్కి వెళ్ళిపోతారు. తీరా ఇద్దరూ ఒక్కటయ్యే వేళకి రచయిత్రి చటుక్కున గీత గీసి "సమాప్తం" అనేస్తుంది. యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" చదవని ఆడపిల్ల మా కాలంలో మా వీధిలో లేదు. జయంతి ఆత్మాభిమానం, రాజశేఖరం హుందాతనం మాకు కంఠతా వచ్చు. కాని ఆ పెళ్ళికి శుభలేఖలు ఎన్ని వేయించారో, విడిది ఎవరింట్లో ఇచ్చారో, వంటవాళ్ళకి బయానా ఎవరు పెట్టారో, ఆఖరి బంతికి పెరుగు చాలిందో లేదో మనకి తెలియదు. తెలుసుకోవాలని మాకూ తోచలేదు. అద్దె లైబ్రరీ నుంచి తెచ్చిన నవలని లెక్కల పుస్తకంలో దాచి చదివే వయసులో పెరుగు సంగతి ఎవరికి కావాలి?

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇప్పుడు నాకు పెరుగు సంగతే కావాలి. అందుకే కాబోలు, మా అమ్మాయి పుస్తకాల బీరువాలో దొరికిన ఒక ఇంగ్లీషు నవల నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. అందులో పెళ్ళి ఆఖరి పేజీలో రాదు. మొదటి పేజీల్లోనే నిశ్చయమైపోతుంది. మిగిలిన పుస్తకమంతా పెళ్ళి పనులే.

పుస్తకం పేరు "షాపహాలిక్ టైస్ ది నాట్". రాసినావిడ సోఫీ కిన్సెల్లా. దుకాణాల పిచ్చి ఉన్న అమ్మాయి మూడు ముళ్ళ ముచ్చట అని మనం చెప్పుకోవచ్చు. 2000 లో మొదలైన నవలల వరసలో ఇది మూడోది. ఆ వరస ఆధారంగా 2009 లో ఒక సినిమా కూడా వచ్చింది. ఇది గొప్ప సాహిత్యం అని నేననను. రైల్లో చదివి సీటు మీద వదిలేసే పుస్తకం అని మావారు అన్నారు. ఆయన చదవలేదు లెండి, అట్ట మీది బొమ్మ చూసి అన్నారు.

కథ చెబుతాను. బెకీ బ్లూమ్‌వుడ్ అనే అమ్మాయి ఇంగ్లండులో పుట్టి పెరిగింది. ఆమె తల్లిదండ్రులది లండనుకి దగ్గరలో సర్రే కౌంటీలోని ఆక్స్‌షాట్ అనే ఊరు. కథాకాలానికి ఆమె న్యూయార్కులో ల్యూక్ అనే తన స్నేహితుడితో ఉంటూ, అప్పట్లో అక్కడ ఉన్న బార్నీస్ అనే పెద్ద దుకాణంలో, వచ్చినవాళ్ళకి ఏ బట్టలు నప్పుతాయో చెప్పే ఉద్యోగం చేస్తూంటుంది. మేకల మందకి తోడేలుని కాపలా పెట్టినట్టు ఉందా? అక్కడే ఉంది తమాషా. ప్రాణ స్నేహితురాలి పెళ్ళిలో ఆ పెళ్ళికూతురు విసిరిన పూలగుత్తి బెకీ చేతిలో పడుతుంది. చూస్తే అందులో ఒక ఉంగరం. పెళ్ళి చేసుకుందామని ల్యూక్ అడగడం ఆ విధంగా అన్నమాట.

ఇక ఇద్దరు తల్లులు రంగంలోకి దిగుతారు. ఆక్స్‌షాట్‌లో బెకీ తల్లి, కూతురి పెళ్ళి తన ఇంట్లో, తన తోటలో షామియానా వేయించి, ఇరుగుపొరుగుల చేతి సాయంతో జరగాలని ఎన్నాళ్ళుగానో కలలు కంటోంది. పక్కింటి జానిస్ పెళ్ళికూతురికి ముస్తాబు చేస్తానని ముందుకొస్తుంది. తన పెళ్ళినాటి కుచ్చుల గౌను కూతురికి తొడగాలని తల్లి ముచ్చట. న్యూయార్కులో ల్యూక్ తల్లి ఎలినార్ మహా ధనవంతురాలు. ఆవిడ ప్లాజా హోటల్లో పెళ్ళి ఏర్పాటు చేస్తుంది. హాల్లోకి నిజం చెట్లు తెప్పించి, కథల్లోని అడవిలా అమర్చాలని పథకం. ఆ పనులన్నీ చూడడానికి రాబిన్ అనే ఒకావిడ జీతానికి కుదురుతుంది. రెండు పెళ్ళిళ్ళూ ఒక్కరోజునే! బెకీ ఇటు అమ్మకీ "సరే" అంటుంది, అటు కాబోయే అత్తగారికీ "సరే" అంటుంది. ఎవరికీ కాదని చెప్పే ధైర్యం లేక, రేపు చెబుదాం ఎల్లుండి చెబుదాం అనుకుంటూ కేకులు రుచి చూస్తుంది, కానుకల జాబితాలు దుకాణం వెంట దుకాణంలో రాయిస్తుంది. మధ్యమధ్య వచ్చే ఉత్తరాలు చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ఆఖరికి ఎలా తేలిందో మాత్రం చెప్పను. చదవబోయేవాళ్ళ సరదా పాడుచెయ్యడం నాకిష్టం లేదు.

ఇంగ్లీషు పాఠకులకి ఇది వింత కథ. రెండు దేశాల్లో రెండు పెళ్ళిళ్ళా అని ముక్కున వేలేసుకుని నవ్వుతారు. మన సంగతి అలా కాదు. మనలో ఏ ఇంటి పెళ్ళి చూసినా రెండు దేశాల తగువు ఉండనే ఉంటుంది. పిల్లలు పెరిగింది ఇక్కడ, తాతలూ అమ్మమ్మలూ ఉన్నది అక్కడ, వియ్యాలవారు ఉండేది మరోచోట. వింత అనుకుని రాసిన రచయిత్రి, మన సంఘం ఉగాది భోజనానికి వచ్చి ఒక బల్ల దగ్గర కూర్చుని ఉంటే, పది నవలలకి సరిపడా సరుకు పట్టుకుపోయేది.

పుస్తకం సగం అయ్యేసరికి నాకు నవ్వు కొంచెం తగ్గింది. ఎందుకంటే ఆ రోజుల్లోనే మా ఇంట్లోనూ ఒక బెకీ తయారవుతోంది.

మా అమ్మాయి లండన్లో ఉద్యోగం చేస్తోంది. అబ్బాయీ లండన్లోనే పని చేస్తున్నాడు. తెలుగువాడే, తల్లిదండ్రులు ముప్ఫై ఏళ్ళకు పైగా న్యూజెర్సీలో ఉన్నారు. మేము ఇంగ్లండు ఉత్తర భాగంలో ఉంటున్నాం. 1984 లో మావారు ఆస్పత్రి ఉద్యోగానికి వస్తే ఆయన వెంట వచ్చాను. మా అమ్మ తెనాలిలో ఉంటుంది. ఎనభై ఆరేళ్ళు. మోకాళ్ళు సహకరించవు, డాక్టర్లు విమానం వద్దన్నారు. అంటే మాకు ఆక్స్‌షాట్, న్యూయార్కు చాలక తెనాలి కూడా ఉందన్నమాట. బెకీకి రెండు పెళ్ళిళ్ళు, మాకు మూడు.

అమ్మ ఫోనులో అనేది: "నువ్వు పుట్టిన ఇంట్లోనే నీ పెళ్ళీ చేశాను. దాని పెళ్ళికి కూడా ఇక్కడే పందిరి వేస్తే వీధి వీధంతా కలిసొస్తుందే." మా అమ్మాయి "సరే అమ్మమ్మా" అనేది. న్యూజెర్సీ నుంచి వియ్యపురాలు అనేది: "ఇక్కడ గుడి హాలు ఉంది, అయిదొందల మంది పడతారు, పెళ్ళి ఇక్కడ పెట్టుకుందాం." "సరే ఆంటీ." నేను అనేదాన్ని: "ఇక్కడ నీతో చదువుకున్నవాళ్ళు, మాతో కష్టసుఖాలు పంచుకున్నవాళ్ళు ఉన్నారు, ఇక్కడే చేద్దాం." "సరే అమ్మా." ముగ్గురికీ సరే. మా ముగ్గురికీ మహా సంతోషం. పిల్లకి మాత్రం అన్నం సయించడం మానేసింది.

ఆ నవల చదవకపోయి ఉంటే, ఆఫీసులో పని ఎక్కువై చిక్కిపోతోందనుకునేదాన్ని. చదివాను గనక ఆ "సరే"ని గుర్తుపట్టాను. బెకీ నోట వినీ వినీ ఉన్నాను మరి. అది ఒప్పుకోలు కాదు, వాయిదా. పెద్దవాళ్ళ మనసు కష్టపెట్టకూడదని పెంచాం మన పిల్లల్ని. అందుకని వాళ్ళు మన ఎదుట కాదనరు. ఎవరికీ కాదనలేక, ఆ బరువు తామే మోస్తారు. ఇంగ్లీషు పిల్ల బెకీ కూడా అదే పని చేసిందంటే, ఇది ఒక్క మన పెంపకం మహిమే కాదు, తల్లుల్ని ప్రేమించే పిల్లలందరి జబ్బూ అని తేలింది.

ఇక్కడ నవలకీ మనకీ ఒక పెద్ద తేడా ఉంది. ఆ నవలలో ఎలినార్ రాతిగుండె మనిషి. చిన్నప్పుడే కొడుకుని ఇంగ్లండులో తండ్రి దగ్గర వదిలి అమెరికా వెళ్ళిపోయింది. ఆమె పెళ్ళి చేస్తానంటున్నది కొడుకు మీద ప్రేమతో కంటే నలుగురిలో తన గొప్ప కోసం. కాబట్టి పాఠకులు సందేహం లేకుండా ఆక్స్‌షాట్ పక్షం చేరిపోతారు. రెండో తల్లిని చెడ్డదాన్ని చేస్తే తప్ప కథ నడవలేదు. మన ఇళ్ళలో ఆ సౌకర్యం లేదండీ. మన ఇళ్ళలో రెండో తల్లి కూడా మంచిదే. అదే వచ్చిన చిక్కు.

పిల్ల చేత చెప్పించే పని కాదిది, పెద్దవాళ్ళు పెద్దవాళ్ళే మాట్లాడుకోవాలని నేనే వియ్యపురాలికి ఫోను చేశాను. "వదినగారూ, మీరూ నేనూ మా అమ్మా మూడు పెళ్ళిళ్ళు చేస్తున్నాం, పిల్ల మూడింటికీ తలూపుతోంది. మనం ఒకమాట అనుకోవాలి" అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత నిదానంగా చెప్పింది. "వదినగారూ, నాకు హాలు గొప్ప ఏమీ లేదు. మావారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు ఇరవై రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. వీళ్ళే వంతులేసుకుని వండి తెచ్చారు. వీళ్ళ పిల్లల పెళ్ళిళ్ళన్నిటికీ వెళ్ళి తిని వచ్చాను. ముప్ఫై ఏళ్ళుగా తింటున్నదాన్ని, నాకున్నది ఒక్కడే కొడుకు, ఒక్కపూట నేను పెట్టద్దా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ అడుగుతున్నది పెళ్ళి కాదు, రుణం తీర్చుకునే వీలు. మా అమ్మ అడుగుతున్నదీ అదే. నా పెళ్ళికి మా వీధివాళ్ళంతా వచ్చి పని చేశారు. 1983 వేసవిలో తాటాకు పందిరి, పక్కింటివారి వసారాలో విడిది, ఎదురింటివారి పెరట్లో గాడిపొయ్యి. పెళ్ళి పనుల నిర్వాహకురాలు అంటూ ఎవరికీ జీతం ఇవ్వలేదు. మా అమ్మే ఆ పని చేసింది. పాత స్కూలు నోటుబుక్కులో ఎవరికి ఏ చీర, ఎవరు ఏ రైలుకి దిగుతారు, ఎవరికి ఎవరితో మాటల్లేవు గనక ఎవరిని ఎవరి పక్కన కూచోపెట్టకూడదు అన్నీ రాసుకుంది. ఆ ఆఖరి జాబితా చాలా ముఖ్యమైనది. బెకీ నవలలో రాబిన్ ఇవ్వాళ జీతం తీసుకుని చేసే పనులు ఆ నోటుబుక్కులో అన్నీ ఉన్నాయి, కథల అడవి తప్ప.

ఇది తలుచుకున్నప్పుడు నాకు ఇంకో సంగతి తోచింది. పెళ్ళి హాస్యాల్లో నవ్వులపాలయ్యేది ఎప్పుడూ తల్లే. 1813 నాటి జేన్ ఆస్టెన్ నవల "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్"లో అయిదుగురు కూతుళ్ళ తల్లి మిసెస్ బెనెట్ దగ్గర నుంచి ఈ బెకీ తల్లి దాకా, హడావిడి చేసేదీ, కంగారు పడేదీ, లేనిపోని ముచ్చట్లు కోరేదీ తల్లే. తండ్రి పక్కన కూచుని పత్రిక చదువుకుంటూ ఒక చమత్కారం విసురుతాడు. మనకి ఆయన తెలివైనవాడిలా కనిపిస్తాడు. ఆయనకి పత్రిక చదువుకునే తీరిక ఎలా దొరికిందో ఎవరూ అడగరు.

కాగితాల మీద సంగతీ అంతే. ఇంగ్లండులో 1837 నుంచి పెళ్ళి నమోదు పుస్తకంలో వధూవరుల తండ్రుల పేర్లూ, వాళ్ళ వృత్తులూ మాత్రమే రాసేవారు. తల్లుల పేర్లకి గడే లేదు. 2021 మే 4 వ తేదీ నుంచి ఆ పద్ధతి మారి తల్లుల పేర్లు కూడా చేర్చారు. మనవాళ్ళ కన్యాదానంలోనూ పురోహితుడు ముత్తాత, తాత, తండ్రి అని మూడు తరాల మగవాళ్ళ పేర్లు గట్టిగా చదువుతాడు. తల్లి పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు పోస్తుంది. మా అమ్మాయి పెళ్ళి నమోదు చేయించిన రోజున రిజిస్ట్రారు నా పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకుంది. వియ్యపురాలి పేరు కూడా. మా ఇంటిపేర్లు రాయడానికి ఆవిడకి కొంచెం ఎక్కువసేపే పట్టింది. పట్టనివ్వండి, నూట ఎనభై ఏళ్ళు ఆగాం గదా.

మళ్ళీ ఫోను దగ్గరికి వస్తాను. రుణం సంగతి బయటపడ్డాక మా మాటల దారి మారిపోయింది. అంతవరకూ "పెళ్ళి ఎక్కడ?" అని వాదించుకున్నాం. ఇప్పుడు "ఎవరు ఎక్కడ ఏం చెయ్యాలి?" అని మాట్లాడుకున్నాం. అలా మాట్లాడుకుంటూంటే నాకు ఆశ్చర్యం వేసింది. మన పెద్దవాళ్ళు పెళ్ళిని ఎప్పుడో భాగాలు చేసి పంచి పెట్టే ఉంచారు! పసుపు దంచడం ఆడపిల్ల ఇంటి పెద్ద ముత్తయిదువల చేతి మీదుగా జరగాలి. పెళ్ళి ఆడపిల్లవారు చెయ్యాలి. గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, ఆనాటి భోజనాలు మగపెళ్ళివారివి. ఎవరి వంతు వారికి ఉంది. ఒకరిది ఒకరు లాక్కుంటే తప్ప తగువే లేదు. పాపం బెకీకి ఇలాంటి పంపకం తెలియదు. వాళ్ళకి ఉన్నది ఒక్కటే పూట, ఒక్కటే కేకు. దానికోసం ఇద్దరు తల్లులు చెరో చెయ్యీ పట్టి లాగారు.

న్యూజెర్సీలో మళ్ళీ తాళి కట్టించి, పూర్తి పెళ్ళి ఇంకోసారి చేయిస్తే చూడని వాళ్ళు చూస్తారు గదా అని ఒక బంధువు సలహా ఇచ్చాడు. ఈ రోజుల్లో అలా చేయించుకుంటున్న వారు ఉన్నారు, వాళ్ళని నేను తప్పు పట్టను. నా మటుకు నాకు అది మనసుకి ఎక్కలేదు. సప్తపది ఉన్న పెళ్ళిలో ఏడో అడుగుతో పెళ్ళి పూర్తయినట్టేనని మన దేశంలో 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా చెబుతోంది. ఎనిమిదో అడుగు అట్లాంటిక్ సముద్రం దాటి వెయ్యాలని అందులో ఎక్కడా లేదు. ఈ మాట అంటే వియ్యపురాలు పకపకా నవ్వి, "అయితే తాళి మీది, పులిహోర నాది" అంది. అక్కడితో కుదిరిపోయింది.

తేదీలు కుదరడం మాత్రం అంత సులువు కాలేదు. న్యూజెర్సీవారికి సెలవులు జూలై, ఆగస్టుల్లో. 2023 లో పంచాంగం చూస్తే జూన్ మూడో వారం నుంచి ఆషాఢం, అది దాటగానే అధిక శ్రావణం! ఆగస్టు సగం దాకా తలుపులు మూసేశారు. జ్యేష్ఠంలో జూన్ మొదట్లో ఒక శనివారం పగటిపూట ముహూర్తం దొరికింది. శనివారమే దొరకడం జ్యోతిషమో, హాలు ఖాళీయో నేను ఆరా తియ్యలేదు. మన దేశంలో ముహూర్తాన్ని బట్టి హాలు, ఇక్కడ హాలుని బట్టి ముహూర్తం. ఇది మీ అందరికీ తెలిసిన రహస్యమే.

ముందు మే నెలలో తెనాలి వెళ్ళాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. మా అమ్మ కుర్చీలో కూచుని, రోకలికి తోరం కట్టించి, మొదటి పోటు తనే వేసింది. తరవాత వీధిలో ఆడవాళ్ళు అయిదుగురు వేశారు. నా పెళ్ళికి పసుపు దంచిన వాళ్ళలో ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరూ వచ్చారు. ఆ మధ్యాహ్నం వీధిలో వాళ్ళందరికీ ఆకులు వేసి భోజనాలు పెట్టాం: గుమ్మడికాయ దప్పళం, బూరెలు, మామిడికాయ పప్పు. మా అమ్మ తినకుండా అందరి విస్తళ్ళూ చూస్తూ కూచుంది. దంచిన పసుపు చిన్న గుడ్డసంచిలో కట్టి నా చేతికిచ్చి, "తలంబ్రాలు దీనితోనే కలపండి. ఇక్కడ పెళ్ళయినట్టే నాకు" అంది.

పెళ్ళి పనుల్లో ఇంగ్లండు మార్కు తమాషాలు మీకు కొత్త కాదు. పెళ్ళి నమోదుకి కనీసం 28 రోజుల ముందు రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇవ్వాలి. హోటలు వాళ్ళు హోమం అనగానే మంటల అలారం సంగతి ఎత్తారు. పురోహితుడు అగ్నిహోత్రుణ్ణి ఎంత చిన్నగా ఉండమంటే అంత చిన్నగా ఉంచాడు. అయినా హోటలు కుర్రాడొకడు పెళ్ళి జరిగినంతసేపూ ఎర్ర డబ్బా పట్టుకుని మా వెనక నిలబడ్డాడు. ఫోటోలన్నింటిలోనూ ఉన్నాడు, తోడిపెళ్ళికొడుకులా. పెళ్ళికూతుర్ని గంపలో మోసుకురావడానికి మా తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చాడు. వాడికి యాభై ఎనిమిదేళ్ళు. అమ్మాయి ముద్దుగా నడిచే వస్తానంది, వాడు వినలేదు. పక్కింటి ఇంగ్లీషావిడ జానిస్ లాంటిదే. ముస్తాబు చెయ్యలేదు గాని, పూలదండలు విడిపోతే కూచుని మళ్ళీ గుచ్చింది. నలభై ఏళ్ళుగా గోడకి అటూ ఇటూ ఉన్నాం, ఆవిడకి మల్లెమొగ్గలు సూదికి ఎక్కించడం వచ్చని ఆనాడే తెలిసింది.

అమ్మ పెళ్ళి చూడాలని ఫోనులో బొమ్మ కనబడేలా ఏర్పాటు చేశాం. మాకు ఉదయం 11 గంటలు, తెనాలిలో మధ్యాహ్నం మూడున్నర. తీరా తలంబ్రాల వేళకి ఫోను పట్టుకున్న పిల్లవాడు తనూ కేరింతలు కొడుతూ ఎగిరాడు. అమ్మకి హోటలు పైకప్పు తప్ప ఏమీ కనబడలేదట. మర్నాడు నేను బాధపడుతూ ఫోను చేస్తే, "కనబడకపోతేనేమే, గోల వినబడింది. పెళ్ళిలో గోల బాగుంటే అన్నీ బాగున్నట్టే" అంది. నిజంగా బాధపడలేదో, నా కోసం అలా అందో, ఆవిడ గొంతులో నాకు పట్టుబడలేదు. ఆ ముక్క ఏ పంపకంలోనూ సర్దుకోలేదు. కొన్ని సర్దుకోవు. మనం ఇంత దూరం వచ్చి ఉన్నందుకు అలాంటివి కొన్ని అలాగే ఉంటాయి.

సెప్టెంబరు మొదటి వారాంతంలో, నిజ శ్రావణంలో, న్యూజెర్సీలో వ్రతం, భోజనాలు. నేను ఆడపిల్ల తల్లిని గనక నన్ను వంటింటి ఛాయలకి రానివ్వలేదు. వియ్యపురాలు పట్టుచీర కొంగు దోపుకుని పులిహోర గిన్నెతో బల్ల బల్లకీ తిరిగింది. వడ్డించడానికి మనుషులున్నారు, తనే వడ్డించింది. ఒక ముసలాయన వద్దు వద్దంటున్నా రెండోసారి వేసి, "అన్నయ్యగారూ, మీరు ఇరవై రోజులు పెట్టారు, నేను రెండుసార్లు వెయ్యద్దా?" అంది. ఆ నవలలో ఎలినార్‌కి ప్లాజా హోటలంతా దొరికింది గాని, ఇలాంటి ఒక్క మాట అనే సందర్భం దొరకలేదు.

ఇంతా చెప్పి, ఆ నవలలో నాకు నచ్చనిదీ చెప్పాలి. బెకీ అప్పులు చేస్తుంది, బిల్లులు దాస్తుంది, అదంతా మనకి నవ్వే. ఎందుకంటే చివరికి ఎవరో ఒకరు గట్టెక్కిస్తారని మనకి తెలుసు. మన వైపు పెళ్ళి అప్పు నవ్వులాట కాదు. పొలం అమ్మి పెళ్ళి చేసిన తండ్రులు మన బంధువుల్లో లేని వాళ్ళెవరు? 1961 లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా ఆ మాట ఇంకా మన ఇళ్ళు వదిలిపోలేదు. అయితే పెళ్ళి గురించి నవ్వుతూ రాసినదంతా తేలిక సరుకు అనుకోవద్దని చెప్పడానికి మనకి గురజాడవారున్నారు. 1892 లో మొదటిసారి ఆడిన "కన్యాశుల్కం" కూడా పెళ్ళి ఏర్పాట్ల హాస్యమే కదా! అగ్నిహోత్రావధాన్లు చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోతే, తల్లి వెంకమ్మ మొత్తుకున్నా వినే నాథుడు లేడు. ఆ పెళ్ళి తప్పించడానికి ఆమె అన్న కరటకశాస్త్రి తన శిష్యుడికే ఆడవేషం వేసి పెళ్ళికూతుర్ని చేస్తాడు. కడుపుబ్బ నవ్విస్తూనే గురజాడ ఒక తల్లి మాట చెల్లని ఇంటిని మన కళ్ళ ముందు పెట్టాడు. 1952 నాటి "పెళ్ళిచేసి చూడు" సినిమా కూడా కట్నం చుట్టూ అల్లిన హాస్యమే. కిన్సెల్లా అంత లోతుకి దిగలేదు. దిగాలని ఆమె ఉద్దేశమూ కాదు. కాని అందరికీ సరే అనే పిల్ల లోపల ఏమవుతోందో ఆమె చూపించిన తీరు మటుకు నాకు పనికొచ్చింది.

మన సంఘంలో వచ్చే ఏడాది మూడు నాలుగు పెళ్ళిళ్ళు ఉన్నాయని విన్నాను. పెళ్ళి ఎక్కడ అనే మాట వచ్చినప్పుడు, దయచేసి పిల్లల్ని మధ్యన నిలబెట్టి అడగకండి. వాళ్ళు సరే అంటారు. ఆ సరే మీద హాళ్ళకి అడ్వాన్సులు కట్టేయకండి. వియ్యపురాలికి మీరే ఫోను చెయ్యండి. పెళ్ళి ఎక్కడ అని కాకుండా, ఎవరికి భోజనం పెట్టాలని ఉంది వదినగారూ అని అడగండి. ఆ ప్రశ్నకి వచ్చే జవాబుతో సగం పని తెమిలిపోతుంది.

పుస్తకం నా దగ్గరే ఉంది. కావలసినవారు అడిగితే ఇస్తాను. ప్రస్తుతం వియ్యపురాలు చదువుతోంది. ఎలినార్ దగ్గరికి వచ్చిందట. "ఈవిడెవరండీ బాబూ, ఇలా ఉంది?" అని నిన్న ఫోను చేసింది.